5.4 హిచ్‌కు బిగించే స్టెప్నీ క్యారియర్: ఎంపికలో భ్రామక సూత్రం

ఈ విభాగం చదివిన తరవాత మీరు:
• వాహనం వెనక వేలాడే బరువు కలిగించే భ్రామకాన్ని లెక్కించగలుగుతారు.
• వెనక ఇరుసుపై పెరిగే భారాన్ని అంచనా వేయగలుగుతారు.
• క్యారియర్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసిన అంశాలను వివరించగలుగుతారు.

5.4.1 పరిచయం

అదనపు చక్రాన్ని మనం 'స్టెప్నీ' అంటాం. ఇది 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో తయారైన అదనపు చక్రం నుంచి వచ్చిన పేరు. మహీంద్రా థార్‌లో స్టెప్నీ వెనక తలుపుకు ఉండటం మీరు చూసే ఉంటారు. అమెరికాలో ఎక్కువగా కనిపించే టయోటా 4రన్నర్‌లో అది వాహనం అడుగున వేలాడుతుంది. యూటా, అరిజోనా ఎడారి దారుల్లో తిరిగేవారు పెద్ద టైర్లు వేయించుకుంటే, ఆ సైజు స్టెప్నీ అడుగున పట్టకపోవచ్చు. అప్పుడు దాన్ని మోయడానికి ఉన్న మార్గాల్లో ఒకటి హిచ్ క్యారియర్.

హిచ్ రిసీవర్ అంటే ట్రెయిలర్‌ను లాగడానికి చట్రానికి బిగించిన చదరపు ఉక్కు గొట్టం. సాధారణంగా క్లాస్ 1, క్లాస్ 2 రకాల్లో గొట్టం లోపలి కొలత 1.25 అంగుళాలు, క్లాస్ 3లో 2 అంగుళాలు ఉంటుంది. క్యారియర్ కడ్డీని ఇందులోకి దూర్చి అడ్డంగా పిన్ను వేస్తారు.

5.4.2 బరువు ఒక్కటే చాలదు

నిండు బిందెను చంకన పెట్టుకొని చాలా దూరం నడవగలం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే నిమిషం కూడా నిలవలేం. బిందె బరువు మారలేదు, దూరం మారింది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదే భ్రామకం.

ఒక హిచ్‌పై నిలువు భార పరిమితి 300 కిలోలు అని ఉందనుకుందాం. చక్రం 40 కిలోలు, క్యారియర్ 25 కిలోలు, మొత్తం 65 కిలోలు. ఇది పరిమితిలో సుమారు ఐదోవంతే. ఇక భయమేమిటని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మనం లెక్కను కొనసాగిద్దాం.

రిసీవర్ అంచు నుంచి చక్రం 0.5 మీటర్లు, క్యారియర్ గరిమనాభి 0.25 మీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి.

భ్రామకం = (40 × 0.5 + 25 × 0.25) × 9.8 = సుమారు 257 న్యూటన్ మీటర్లు.

ట్రెయిలర్ బంతి 0.25 మీటర్ల దూరంలో ఉంటే, 300 కిలోల పరిమితికి వచ్చే భ్రామకం:

300 × 9.8 × 0.25 = 735 న్యూటన్ మీటర్లు.

ఐదోవంతు అనుకున్నది మూడోవంతు దాటింది. గతుకులో వాహనం వెనక భాగం గురుత్వ త్వరణానికి సమానమైన త్వరణంతో పైకి లేస్తే, మన భ్రామకం రెట్టింపై 514 అవుతుంది. అంటే పరిమితిలో మూడింట రెండు వంతులు దాటుతుంది. రాళ్లదారిలో కుదుపులు మళ్లీ మళ్లీ వస్తాయి. పైగా ట్రెయిలర్ బంతిపై స్వేచ్ఛగా తిరుగుతుంది. క్యారియర్ అలా తిరగదు కనుక పక్క ఊపులు కూడా గొట్టాన్ని మెలిపెడతాయి. వెల్డింగు దగ్గర పుట్టిన సన్నని పగులు పెరిగితే, 40 కిలోల చక్రం వెనక వచ్చేవారి మీద పడవచ్చు.

అందుకే కొందరు తయారీదారులు ట్రెయిలర్ కాని బరువులకు తక్కువ పరిమితిని విడిగా ఇస్తారు. మీరు చూడవలసింది ఆ అంకెనే.

5.4.3 ఇరుసుపై భారం

4రన్నర్ ఇరుసుల మధ్య దూరం సుమారు 2.8 మీటర్లు. మన 65 కిలోల ఉమ్మడి గరిమనాభి వెనక ఇరుసుకు 1.5 మీటర్లు వెనక ఉందనుకుంటే:

వెనక ఇరుసుపై పెరిగే భారం = 65 × (2.8 + 1.5) ÷ 2.8 = సుమారు 100 కిలోలు.

మిగతా 35 కిలోలు ఎక్కడివి? ముందు ఇరుసు మీద నుంచి తగ్గినవి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు కూడా తగ్గుతుంది. వెనక సీట్లో మనుషులు, సామాను ఉంటే వెనక స్ప్రింగులపై భారం ఇంకా పెరుగుతుంది. కనుక ఇరుసు భార పరిమితిని కూడా సరిచూడాలి.

5.4.4 ఎంపికలో చూడవలసినవి

1. పరిమితి: హిచ్, క్యారియర్, వాహనం మూడింటి పరిమితుల్లో తక్కువది ఏదో అదే మీ పరిమితి. 1.25 అంగుళాల గొట్టానికి అడాప్టరు తగిలించి 2 అంగుళాల క్యారియర్ పెడితే సామర్థ్యం పెరగదు. దూరం మాత్రం పెరుగుతుంది.
2. బోల్టుల అమరిక: 4రన్నర్ చక్రానికి 139.7 మిల్లీమీటర్ల వృత్తంపై 6 బోల్టులు, జీప్ రాంగ్లర్ జేకే, జేఎల్ మోడళ్లకు 127 మిల్లీమీటర్ల వృత్తంపై 5 బోల్టులు ఉంటాయి. ఒకదాని పలక మరొకదానికి సరిపోదు.
3. వదులు: కడ్డీకీ గొట్టానికీ మధ్య ఖాళీ ఉంటే ప్రతి కుదుపూ సుత్తి దెబ్బే. కడ్డీని గట్టిగా బిగించే ఏర్పాటు ఉన్నదాన్ని ఎంచుకోండి.
4. తలుపు: పక్కకు తిరిగే చేయి ఉంటే చక్రం దించకుండానే వెనక తలుపు తెరవవచ్చు. అయితే కీలూ గొళ్లెమూ దృఢంగా ఉండాలి.
5. నేలకు ఎడం: క్యారియర్ కిందికి దిగితే, వాలు దిగి సమతలానికి చేరేటప్పుడు వెనక భాగం నేలను తాకుతుంది.
6. కనబడటం: నంబరు పలక, బ్రేకు దీపాలు, వెనక కెమెరా చక్రం చాటున పడకూడదు.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాల మార్పులపై ఆంక్షలు విధిస్తుంది. కనుక ఇక్కడ బిగించాలనుకునేవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించాలి.

5.4.5 సారాంశం

వెనక వేలాడే బరువును కిలోల్లో మాత్రమే తూచకూడదు, దూరంతో గుణించి చూడాలి. రెండు క్యారియర్లు సమానంగా దృఢమైనవైతే, చక్రాన్ని వాహనానికి దగ్గరగా ఉంచేదే మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో అడాప్టరు వల్ల మొత్తం బరువు మరో 0.2 మీటర్లు వెనక్కి జరిగితే భ్రామకం ఎంత? (అడాప్టరు బరువును వదిలేయండి.)

జవాబు: 257 + (65 × 9.8 × 0.2) = సుమారు 385 న్యూటన్ మీటర్లు. ఒక్క కిలో కూడా కలపకుండానే భ్రామకం దాదాపు సగం మేర పెరిగింది.