కీళ్ళు అరిగిన గుర్రము - దాని పోషణ, పని

జట్కాలు చాలా ఊళ్ళలో కనుమరుగైనవి. అయినా చిన్న బండికో, పెళ్ళి ఊరేగింపుకో గుర్రమును పెట్టుకొని సంసారం ఈడ్చుకొనువారు ఇంకా ఉన్నారు. అట్టి ఇంట గుర్రము కుంటితే పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే కొందరు కుంటుతున్నదానిని అదిలించి తోలుతారు. మరికొందరు పాపమని కొట్టంలో కట్టేసి ఉంచుతారు. కీళ్ళ అరుగుదలకు ఈ రెండు పద్ధతులూ చెరుపే చేస్తాయి.

అసలు అరుగుదల అంటే ఏమిటి? రెండు ఎముకలు కలిసేచోట వాటి కొనలపై నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. నడుమ జిగట ద్రవము ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎట్లాగో కీలుకు ఈ ద్రవం అట్లాగు. గట్టి రోడ్డుపై ఏళ్ళ తరబడి పరుగు, మోయలేని బరువు, పాత దెబ్బ, వంకర గిట్ట - వీటివలన ఆ పొర అరుగుతుంది. దానికి రక్తనాళములు లేవు కనుక అరిగినది తిరిగి సరిగా పూడదు. పైగా అంచుల్లో కొత్త ఎముక పెరిగి కీలు బిగుసుకుంటుంది. కాబట్టి పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు. నొప్పిని తగ్గించడము, అరుగుదలను నెమ్మది చేయడము మాత్రం మన చేతిలో ఉన్నవి.

దీనిని ఎట్లా గుర్తుపట్టాలి? పొద్దున కొట్టంనుండి బయటికి తీయగానే అడుగులు బిగుసుకొని పడతాయి. కొంతసేపు నడిచాక సర్దుకుంటాయి. ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేల మోపినప్పుడు తల పైకెత్తుతుంది. వెనుకకాలు నొప్పిగా ఉంటే గిట్ట కొన నేలను రాచుకుంటుంది. కీలు దగ్గర గట్టి బుడిపె కూడా కనిపించవచ్చు. అట్లాగాక, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా, కీలు వేడెక్కి వాచినా అది వేరే జబ్బు కావచ్చును. వెంటనే పశువైద్యునికి చూపించవలెను.

ఇక పోషణ సంగతి. మొదటిది శరీరపు బరువు. పని తగ్గించి, ఉలవ గుగ్గిళ్ళు మాత్రం ఎప్పటివలెనే పెడితే గుర్రము కొవ్వెక్కుతుంది. ఆ బరువంతా అరిగిన కీలుపైనే పడుతుంది. పక్కటెముకలు కంటికి కనబడరాదు, చేతికి తగలవలెను. అదే సరైన కొలత. పని తగ్గినప్పుడు దాణా తగ్గించండి, గడ్డి తగ్గించవద్దు. 300 కిలోల గుర్రానికి రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి కావాలి.

రెండవది గిట్ట. ముందుభాగం పొడుగు పెరిగితే ప్రతి అడుగులో కీలు మెలికపడుతుంది. 6 నుండి 8 వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించి, లాడములు సరిచేయించవలెను.

మూడవది నడక. పూర్తిగా కట్టివేస్తే కీలు మరింత బిగుస్తుంది, కండలు కరుగుతాయి. రోజుకు రెండు పూటలు, పూటకు పావుగంట, మెత్తని మట్టి నేలమీద చేత్తో పట్టి నడిపించండి. బండి కట్టేముందు కూడా కాసేపు వట్టిగా నడిపించండి. తారురోడ్డుపై పరుగు తీయించవద్దు, ఇరుకు మలుపులు తిప్పవద్దు. ఊరేగింపుల్లో వెనుకకాళ్ళపై లేపి ఆడించడం ఇట్టి గుర్రానికి ఎంతమాత్రం తగదు. పడుకొనేచోట గడ్డి మందంగా పరచండి.

బిగుసుకొన్న కీలుకు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. వేడెక్కి వాచిన కీలుకు చన్నీళ్ళు పట్టాలి. కాల్చి వాతలు పెట్టడంవలన అరుగుదల ఆగదు, నొప్పికి నొప్పి తోడవుతుంది.

మందుల విషయంలో జాగ్రత్త! మనుషుల నొప్పి బిళ్ళలు వేయవద్దు. నొప్పి మందులు మోతాదు మించితే గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు వాడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు చనిపోవడమే కారణం. ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను కూడా 2023లో అట్లాగే నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వంటి మందులున్నవి. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అనేది పశువైద్యుడే చెప్పవలెను. ఒక్కటి గుర్తుంచుకోండి: మందు నొప్పిని కప్పుతుందేగాని కీలును బాగుచేయదు. సూది వేయించి ఆ పూటే బండి కట్టితే మిగిలిన కీలు కూడా అరిగిపోతుంది.

మరి ఎంత పని చేయించవచ్చు? దీనికి మర్నాటి ఉదయమే సాక్షి. పొద్దున మొదటి ఇరవై అడుగులు గమనించండి. నిన్నటిలాగే నడిస్తే నిన్నటి పని సరిపోయినట్టే. అంతకంటె బిగుసుకుంటే నిన్న పని ఎక్కువైనది. ఆ రోజు బండి కట్టకుండా మెల్లగా నడిపించి, తరువాత పనిని సగానికి తగ్గించండి. ఈ సంగతి రోజూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే వైద్యునికీ ఉపయోగం.

పని మానిపించినా, మందు ఇచ్చినా కుంటు తగ్గకపోతే ఇక కాడి దించవలసిందే. పనికి తగని జంతువుచేత పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరము కూడాను. ఆ రోజు వచ్చేదాకా ఆగక, మొదటి కుంటు కనబడినప్పటినుండే మరో సంపాదన దారి చూసుకోవడం మంచిది. గ్రామ కార్యకర్తలు ఇట్టి కుటుంబాలకు గుర్రపు వైద్యముతోపాటు ఈ సలహాను కూడా చెప్పవలెను. ఇల్లు గడిచే దారి కనబడితేనే యజమాని గుర్రానికి విశ్రాంతి ఇవ్వగలుగుతాడు.