నూటికి ఇరవై తొమ్మిది

2016 నవంబర్ 9 ఉదయం మన ఊళ్లలో ఎవరి నోట విన్నా పాత నోట్ల మాటే. ముందు రోజు రాత్రే అయిదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాయి, బ్యాంకులు మూసి ఉన్నాయి. టీవీలో మాత్రం ఇంకో వార్త దానితో పోటీ పడుతోంది. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఓట్ల లెక్కింపు నడుస్తోంది. ఫ్లోరిడా ట్రంప్ వైపు వెళ్లిపోయింది, మిషిగన్ ఎటూ తేలలేదు. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "గెలవడన్నారు కదండీ?" ఆ రోజు నేను చాలామంది నోట విన్న ప్రశ్న ఇది.

గెలవడని ఎవరన్నారు? హఫింగ్టన్ పోస్ట్ లెక్క ప్రకారం హిల్లరీ క్లింటన్ గెలుపు అవకాశం 98 శాతం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో శామ్ వాంగ్ లెక్క 99 దాకా వెళ్లింది. న్యూయార్క్ టైమ్స్ 85 అంది. నేట్ సిల్వర్ నడిపిన ఫైవ్‌థర్టీఎయిట్ వెబ్‌సైట్ మాత్రం 71 దగ్గర ఆగింది. అంటే ట్రంప్‌కు దాదాపు 29.

29 అంటే ఎంతో చేతిలో చూసుకోవచ్చు. రెండు రూపాయి బిళ్లలు తీసి ఒకేసారి ఎగరేయండి. రెండూ బొమ్మే పడే అవకాశం నూటికి 25. నాలుగైదు సార్లు ఎగరేసేలోపే అలా పడటం చూస్తారు, చూసి ఆశ్చర్యపోరు. ట్రంప్‌కు ఇచ్చిన అవకాశం దానికన్నా కాస్త ఎక్కువే. అయినా ఆ అంకెను జనం సున్నా కింద చదువుకున్నారు.

అందరి ముందూ ఉన్నవి దాదాపు అవే సర్వేలు. మరి ఒకరికి ఒకటి, ఇంకొకరికి 29 ఎలా వచ్చాయి? ఈ లెక్కలో అసలు కీలకం అక్కడే ఉంది.

ఒక రైతుకు మూడు ఊళ్లలో మూడు మళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో మడి మునిగే అవకాశం నూటికి 25. ఒక్కోటి ఒక్కో చెరువు కింద, ఒకదానితో ఇంకోదానికి సంబంధం లేకుండా ఉంటే, మూడూ ఒకే ఏడాది మునగటం 64లో ఒక వంతు, నూటికి ఒకటిన్నర. రైతు నిశ్చింతగా నిద్రపోవచ్చు. అదే మూడు మళ్లూ ఒకే చెరువు కింద ఉంటే? కట్ట తెగితే మూడూ మునుగుతాయి, తెగకపోతే మూడూ మిగులుతాయి. అప్పుడు అవకాశం ఒకటిన్నర కాదు, పూర్తిగా 25.

పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ ఒకే చెరువు కింది మళ్లు. పాత ఫ్యాక్టరీ పట్టణాలు, కాలేజీ డిగ్రీ లేని తెల్లజాతి ఓటర్లు మూడు చోట్లా ఎక్కువ. ఒకచోట సర్వే ఆ ఓటరును సరిగ్గా అందుకోలేకపోతే మిగతా రెండు చోట్లా అదే తప్పు జరుగుతుంది. సిల్వర్ నమూనా ఈ ఉమ్మడి తప్పుకు గట్టి చోటిచ్చింది. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా క్లింటన్ రాష్ట్రాలవారీగా లెక్క తేలే ఎలక్టోరల్ కాలేజీలో ఓడిపోయే అవకాశం సుమారు 10 శాతం ఉందని కూడా చూపింది. జరిగింది సరిగ్గా అదే. ఉమ్మడి తప్పును తాను చాలా తక్కువగా లెక్కగట్టానని వాంగ్ తర్వాత ఒప్పుకున్నాడు. ట్రంప్‌కు 240 ఎలక్టోరల్ ఓట్లు దాటితే పురుగును తింటానని ఎన్నికలకు ముందు అన్న ఆయన, సీఎన్ఎన్ కెమెరా ముందు కీచురాయిని తిని మాట నిలబెట్టుకున్నాడు. ఆ నిజాయితీ మీద నాకు గౌరవం కలిగింది.

సర్వే ఎందుకు తప్పింది? వెయ్యి మందిని అడిగితే మూడు శాతం అటూఇటూ తేడా రావటం సహజం. అది లెక్కకు లొంగే తప్పే. లొంగనిది వేరే ఉంది. పులుసు గరిటెతో కలపకుండా పైతేట మాత్రం రుచి చూసి ఉప్పు సరిపోయిందంటే ఎలా? సర్వే ఫోన్లకు చదువుకున్నవాళ్లు ఎక్కువగా జవాబిస్తారు. 2016లో చదువును బట్టి ఓటు బాగా చీలింది. చాలా రాష్ట్ర సర్వేలు ఆ చదువు తేడాను సరిచేసుకోలేదు. విస్కాన్సిన్‌లో సర్వేల సగటు క్లింటన్‌కు ఆరున్నర పాయింట్ల ఆధిక్యం చూపింది. ట్రంప్ అక్కడ 22,748 ఓట్లతో గెలిచాడు.

చివరి రోజుల్లో వెనకబడిన అభ్యర్థి ఆశ ఎక్కడ మిగులుతుందో ఇప్పుడు చూడండి. ఎన్నికలు నాలుగు నెలలుండగా మూడు పాయింట్ల వెనకబాటు పెద్ద విషయం కాదు. నాలుగు రోజులుంటే పెద్దదే, ఎందుకంటే ఓటరు మనసు మారటానికి ఇక వ్యవధి లేదు. పైగా 2016లో పోలింగ్ రోజు రాకముందే నాలుగు కోట్ల మందికి పైగా ముందస్తు ఓటు వేసేశారు. రోజులు తగ్గేకొద్దీ మనసు మారే అవకాశం తగ్గుతుంది. సర్వే తప్పి ఉండే అవకాశం మాత్రం అలా తగ్గిపోదు. ఆఖరి ఉదయం కూడా అది అలాగే కూర్చుని ఉంటుంది.

1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఈ రెండూ కలిసి దెబ్బ కొట్టాయి. ట్రూమన్‌కు 44.5, డ్యూయీకి 49.5 శాతమని చెప్పిన గ్యాలప్ సంస్థ, ఇక మారేదేముందని చాలా రోజుల ముందే సర్వేలు ఆపేసింది. ఓట్లు దాదాపు తారుమారుగా పడ్డాయి. డ్యూయీ గెలిచాడని అచ్చేసిన షికాగో ట్రిబ్యూన్ పత్రికను సెయింట్ లూయిస్ రైల్వే స్టేషన్లో ట్రూమన్ నవ్వుతూ ఎత్తి పట్టుకున్న ఫొటో మీరు చూసే ఉంటారు.

2016లో తటపటాయించే ఓటర్లు కూడా ఎక్కువే. ఇద్దరు ప్రధాన అభ్యర్థుల్లో ఎవరి పేరూ చెప్పనివాళ్లు చివరి సర్వేల్లో పది శాతానికి పైగా ఉన్నారు. విస్కాన్సిన్‌లో ఆఖరి వారంలో నిర్ణయించుకున్నవాళ్లు పెద్ద తేడాతో ట్రంప్ వైపు మొగ్గారని తర్వాతి పరిశీలనలో తేలింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. అక్టోబర్ 28న, పోలింగ్‌కు 11 రోజుల ముందు, క్లింటన్ ఈమెయిళ్ల దర్యాప్తు గురించి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ అమెరికన్ కాంగ్రెస్‌కు లేఖ రాశాడు. ఆమె ఎలాగూ గెలుస్తుందన్న వాతావరణం ఆ నిర్ణయం మీద పనిచేసి ఉండవచ్చని 2018లో తన పుస్తకంలో ఆయనే రాశాడు. వర్షం పడుతుందని చెబితే మబ్బు వినదు. ఎన్నికల అంచనాను మాత్రం ఓటరూ, అధికారీ, అభ్యర్థీ అందరూ వింటారు, విని నడక మార్చుకుంటారు. అసలు పోటీలో క్లింటన్ విస్కాన్సిన్‌కు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

మిషిగన్‌కు మాత్రం ఆఖరి రోజున వెళ్లింది. నవంబర్ 7న గ్రాండ్ రాపిడ్స్ దగ్గరి అలెండేల్‌లో సభ పెట్టింది. ఆ అర్ధరాత్రి దాటాక, అప్పటికే పోలింగ్ రోజు మొదలైపోయాక, ట్రంప్ తన చివరి సభను గ్రాండ్ రాపిడ్స్‌లోనే పెట్టాడు. ఆ రాష్ట్రంలో పోలైన ఓట్లు దాదాపు 48 లక్షలు. ఇద్దరి మధ్య తేడా 10,704.