కొత్త మాస్టరు సిలిండరు – పాత మోటారు సైకిలు

పాత మోటారు సైకిళ్లను బాగుచేసి తిరిగి రోడ్డు ఎక్కించు అభిమానులు అనేక దేశములలో గలరు. జపాను దేశపు హోండా కంపెనీ 1969లో విక్రయమునకు తెచ్చిన సి.బి. 750 అను నాలుగు సిలిండర్ల బండి వారికి మిక్కిలి ప్రియమైనది. పెద్ద ఎత్తున తయారైన మోటారు సైకిళ్లలో, ముందు చక్రమునకు ద్రవపీడనముతో పనిచేయు డిస్కు బ్రేకుతో వచ్చిన తొలితరము బండి అది. నేటి రద్దీకి ఆ పాత బ్రేకు చాలదని తోచి, హాండిలు మీది మాస్టరు సిలిండరును తీసివేసి, మరియొక కొత్తదానిని, సాధారణముగా మునుపటికంటె పెద్దదానిని, బిగించుట పరిపాటి అయినది. బిగించిన పిదప బ్రేకు మెరుగుపడుటకు మారుగా మొండికెత్తినదని పలువురు వాపోవుదురు. లోపము ఎక్కడ నున్నదో కనుగొను విధమును ఈ ప్రసంగమున ముచ్చటించుకొందము.

మాస్టరు సిలిండరనగా ఒక చిన్న పిచికారీ. లీవరు నొక్కగా అందలి పిస్టను ముందునకు జరిగి, బ్రేకు ఆయిలును గొట్టములోనికి త్రోయును. మూసియున్న ద్రవమున ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకు సమానముగా ప్రాకునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆ పీడనమే చక్రము వద్ద కాలిపరులోని పెద్ద పిస్టనును నెట్టి, ప్యాడ్లను డిస్కునకు అదుముచున్నది.

ఇక లెక్క చూడుడు. 14 మిల్లీమీటర్ల వ్యాసముగల పిస్టను ముఖవైశాల్యము 154 చదరపు మిల్లీమీటర్లు. దాని స్థానమున 16 మిల్లీమీటర్ల దానిని పెట్టినచో వైశాల్యము 201 అగును. లీవరు కొలతలు మారనిచో, అదే చేతిబలమునకు పుట్టు పీడనము మునుపటిలో సుమారు నాలుగింట మూడు వంతులకు పడిపోవును. ఆయిలు మాత్రము ఎక్కువగా కదలును. కనుక లీవరు కొంచెము దూరమే జరిగి, కొయ్యవలె బిగిసి నిలుచును. చేతికి గట్టిగా తగిలిన లీవరే మంచి బ్రేకునకు గురుతని ఒక నమ్మకము వ్యాపించియున్నది. మా దృష్టిలో అంతకంటె మోసకరమైన నమ్మకము లేదు. బండి ఆగుటకు కావలసినది పీడనము. లీవరు బిగువు కాదు. రెండవ డిస్కును, రెండవ కాలిపరును కూడ చేర్చినవారికి పెద్ద సిలిండరు సరిపోవును, ఏలయన ఆయిలు రెండు చోట్లకు పోవలెను. ఒకే డిస్కు ఉన్న బండికి పాత కొలతయే మేలు.

లీవరు మెత్తగా హాండిలు వరకు వచ్చుచున్నచో కథ వేరు. నాలుగైదు మారులు వడిగా నొక్కి చూడవలెను. నొక్కినకొలది బిగిసినచో గొట్టములో గాలియైన నుండవలెను, ప్యాడ్లకు డిస్కునకు మధ్య ఎడము అధికమైన కావలెను. ఎన్నిమారులు నొక్కినను ఒకే రీతిగా మెత్తగా నున్నచో పాత రబ్బరు హోసు ఉబ్బుచున్నదని అనుమానింపవచ్చును. పట్టియుంచిన లీవరు మెల్లమెల్లగా క్రుంగిపోవుచున్నచో ఎక్కడనో ఆయిలు కారుచున్నది, లేదా సిలిండరు లోపలి రబ్బరు కప్పు జారవిడుచుచున్నది. గాలి పైకి ప్రాకు స్వభావము కలది గనుక, క్రింద కాలిపరు వద్ద ఎంత ఆయిలు తీసినను, పైన సిలిండరు నుండి హోసు బయలుదేరు అతుకు వద్ద ఒక బుడగ నిలిచిపోవును. అచ్చటి బోల్టుకు గుడ్డ చుట్టి, లీవరు నొక్కిపట్టి, బోల్టును రవంత వదులుచేసి, లీవరు విడువకమునుపే మరల బిగింపవలెను. ఈ ఆయిలు రంగును తినివేయును. పెట్రోలు ట్యాంకు మీద చుక్క పడినచో వెంటనే నీటితో కడుగుడు.

అన్నిటికంటె భయంకరమైనది, బ్రేకు పట్టి విడువకపోవుట. ఆయిలు గిన్నె అడుగున రెండు రంధ్రములుండును. వానిలో ఒకటి సూదిమొన పట్టునంత సన్ననిది. లీవరు విడిచినప్పుడు వేడికి వ్యాకోచించిన ఆయిలు దీనిగుండానే గిన్నెలోనికి తిరిగిపోవలెను. కొత్త లీవరు పిస్టనును వెండ్రుకవాసి ముందునకు నెట్టియుంచినను, లోపలి కప్పు ఆ రంధ్రమును మూసివేయును. అప్పుడు ఇంటివద్ద చక్రము తేలికగానే తిరుగును. రోడ్డు మీద కొంతదూరము పోయి, నాలుగుమారులు బ్రేకు వేయగా ఆయిలు వేడెక్కును. పోవుటకు దారిలేక ప్యాడ్లను అదుమును. ఆ రాపిడికి మరింత వేడి పుట్టును. తుదకు రౌతు చేయి వేయకయే ముందు చక్రము బిగిసిపోవును. కనుక బిగించిన దినముననే గిన్నె మూత తీసి, ముఖము దూరముగా నుంచి, లీవరును మెల్లగా కదపవలెను. మొదటి కదలికలోనే ఆయిలు పైభాగమున చిన్న చిమ్ము కనబడినచో రంధ్రము తెరచియున్నట్లే. కనబడనిచో లీవరునకు పిస్టనునకు మధ్య స్వల్పముగా ఆట ఉన్నదో లేదో చూచి, ఆపై చెత్త అడ్డుపడినదేమో వెదకవలెను.

పట్టిన బ్రేకు ఎవరి తప్పో తేల్చుటకు ఒక క్రమమున్నది. బండి చల్లారిన తరువాత, కండ్లకు అద్దములు పెట్టుకొని, మొదట పైన సిలిండరు వద్ద బోల్టును వదులుచేయుడు. చక్రము విడివడినచో దోషము సిలిండరుదే. విడివడనిచో క్రింద కాలిపరు మీది గాలితీయు నిపిలును వదులుచేయుడు. ఇప్పుడు విడివడినచో హోసు లోపల రబ్బరు వాచి దారి మూసినదన్న మాట. అప్పటికిని కదలనిచో పిస్టను తుప్పుతో పట్టియుండును, లేదా సి.బి. 750లో కాలిపరును మోయుచు కీలు మీద తిరుగు చేయి బిగిసిపోయియుండును. ఆ కీలునకు గ్రీజు పెట్టుట మరచి, ఏ పాపమెరుగని కొత్త సిలిండరును నిందించువారు లేకపోలేదు.

బోల్టు మరల విషయమునను జాగ్రత్త అవసరము. 10 మిల్లీమీటర్ల బోల్టులలో మరమరకు 1.25 మిల్లీమీటర్ల ఎడము గలవి, 1 మిల్లీమీటరు ఎడము గలవి రెండును దొరకును. ఒకదానిని మరియొకదానిలో బలవంతముగా త్రిప్పినచో అల్యూమినియము మరలు తెగిపోవును. రాగి వాషర్లు ప్రతిమారు కొత్తవి వేయవలెను. ఆయిలు విషయమున డాట్ 4 రకము తాజాగా ఉన్నపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకైనను మరుగదు. గాలిలోని తేమను పీల్చిన పిదప ఆ హద్దు 155కు దిగవచ్చును. డాట్ 5 అనునది సిలికోను జాతి. దానిని దీనితో కలుపరాదు. రబ్బరు భాగములను పెట్రోలుతో కడుగుటయు తగదు.

అన్నియు ముగిసిన పిదప లీవరును ఒక నిమిషము గట్టిగా పట్టి, ప్రతి అతుకు మీద పొడి కాగితము అద్ది చూడవలెను. తరువాత జనసంచారము లేని చోట నడక వేగమున మొదలుపెట్టి, పదినిమిషములు మాటిమాటికి బ్రేకు వేయుచు నడిపి, బండిని స్టాండు మీద నిలిపి, ముందు చక్రమును నేలనుండి లేపి, చేతితో త్రిప్పి చూడుడు.