గోల్ఫ్ ఐరన్లు: 2 గ్రాముల స్క్రూతో ఆట మారిపోతుందా? రెంచ్ పట్టుకునే ముందు ఈ లెక్క తెలుసుకోండి!

గోల్ఫ్ షాపులో కొత్త ఐరన్ల సెట్ కొంటే ఇప్పుడు కొన్నింటితో పాటు చిన్న రెంచ్ కూడా ఇస్తున్నారు. క్లబ్ హెడ్ వెనకాల స్క్రూలు కనిపిస్తాయి. వాటిని విప్పి బరువైనవో, తేలికైనవో బిగించుకోవచ్చు. బంతి కుడికి పోతుందా? ఇక్కడ తిప్పండి. ఎడమకు పోతుందా? అటు తిప్పండి. సేల్స్‌మేన్ చెప్పేది వింటే ఇంత సింపులా అనిపిస్తుంది. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఆ స్క్రూకు పని ఉంది, అయితే ఆ పని చాలామంది అనుకునేది కాదు.

కదిలే బరువులు గోల్ఫ్‌లో బాగా పాపులర్ అయింది డ్రైవర్‌తో. 2004లో టేలర్‌మేడ్ కంపెనీ ఆర్7 క్వాడ్ డ్రైవర్ తెచ్చింది. దానికి నాలుగు స్క్రూ వెయిట్లు. ఐరన్లలో కూడా ఈ పద్ధతి ఉంది. పింగ్ కొన్ని మోడళ్లలో టో వైపు, అంటే హెడ్ కొస దగ్గర, ఒక స్క్రూ వెయిట్ పెడుతుంది. ఎడెల్ అనే అమెరికన్ కంపెనీ ఎస్ఎంఎస్ ఐరన్లలో అయితే ఒక్కో హెడ్‌కు మూడు వెయిట్లు. కొస దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, షాఫ్ట్ దగ్గర ఉండే హీల్‌లో ఒకటి.

స్వింగ్ వెయిట్ అంటే ఏంటి?

క్రికెట్ ఆడినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. రెండు బ్యాట్లు కాటా మీద ఒకే బరువు తూగుతాయి. చేతిలోకి తీసుకుంటే ఒకటి తేలిగ్గా లేస్తుంది, ఇంకోటి కిందకు లాగుతుంది. దాన్నే పికప్ అంటారు. గోల్ఫ్‌లో ఆ పికప్‌కు కొలత ఉంది. అదే స్వింగ్ వెయిట్.

1920లలో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన దీనికి ఒక త్రాసు తయారు చేశాడు. గ్రిప్ చివరి నుంచి 14 అంగుళాల దగ్గర క్లబ్‌ను ఆనించి, హెడ్ వైపు ఎంత మొగ్గుతుందో చూస్తారు. ఫలితం గ్రాముల్లో రాదు. ఒక అక్షరం, ఒక అంకె వస్తాయి. మగవాళ్ల ఐరన్లు మామూలుగా డీ0 నుంచి డీ2 మధ్య ఉంటాయి. ఆడవాళ్లవి సీ అక్షరంలో, కాస్త తేలిగ్గా ఉంటాయి. సీ9 తర్వాత వచ్చేది డీ0.

లెక్క ఇలా ఉంటుంది. హెడ్‌కు సుమారు 2 గ్రాములు కలిపితే స్వింగ్ వెయిట్ ఒక పాయింట్ పెరుగుతుంది. షాఫ్ట్ అర అంగుళం పెంచితే దాదాపు 3 పాయింట్లు పెరుగుతుంది, తగ్గిస్తే అంతే తగ్గుతుంది. గ్రిప్ 4-5 గ్రాములు బరువెక్కితే ఒక పాయింట్ కిందికి దిగుతుంది.

ఇదీ స్క్రూ అసలు పని!

పొడవాటి ఆటగాడికి ఐరన్లు అర అంగుళం పెంచారనుకుందాం. డీ2 ఉన్న క్లబ్ డీ5 అవుతుంది. హెడ్ బరువుగా తగులుతుంది, స్వింగ్‌లో టైమింగ్ తప్పుతుంది. అప్పుడు ఫిట్టర్ 6 గ్రాములు తక్కువ ఉన్న వెయిట్ బిగిస్తాడు. మళ్లీ డీ2. పొడవు మారినా, గ్రిప్ మారినా, షాఫ్ట్ స్టీల్ నుంచి గ్రాఫైట్‌కు మారినా పికప్ తేడా వస్తుంది. ఆ తేడాను సరిచేయడానికే ఈ వెయిట్ ముఖ్యంగా పనికొస్తుంది. అంటే ఫిట్టింగ్‌లో ఇది మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు.

స్క్రూలు లేని రోజుల్లో ఇదే పనికి సీసం టేపు వాడేవాళ్లు. ఇప్పటికీ వాడుతున్నారు. అర అంగుళం వెడల్పు, 4 అంగుళాల పొడవు ముక్క హెడ్ వెనక అతికిస్తే సుమారు 2 గ్రాములు. చూడ్డానికి బాగోదు, పని మాత్రం జరుగుతుంది. ఖరీదైన సెట్ కొనకముందే పాత ఐరన్ మీద ఈ టేపుతో ప్రయోగం చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. ఈ మాట షాపులో ఎందుకు చెప్పరో వేరే చెప్పక్కర్లేదు.

మరి బంతి దిశ సంగతేంటి?

ఇక్కడే ఆశ ఎక్కువ, ఫలితం తక్కువ. కుడిచేతి ఆటగాడికి హీల్ వైపు బరువు ఉంటే క్లబ్ ముఖం కాస్త త్వరగా మూసుకుంటుంది. టో వైపు ఉంటే ఆలస్యంగా మూసుకుంటుంది. సూత్రం నిజమే. ఎంత అన్నదే ప్రశ్న. 7 ఐరన్ హెడ్ బరువు సుమారు 270 గ్రాములు. అందులో 6 గ్రాములను హీల్ నుంచి టోకు, 5 సెంటీమీటర్లు జరిపారనుకోండి. మొత్తం హెడ్ బరువు కేంద్రం కదిలేది ఒక మిల్లీమీటర్‌కు కాస్త ఎక్కువ, అంతే! వెయిట్లను టంగ్‌స్టన్‌తో చేసేది అందుకే. దాని సాంద్రత స్టీల్‌కు దాదాపు రెండున్నర రెట్లు. చిన్న రంధ్రంలో ఎక్కువ బరువు ఇరికించొచ్చు.

ఆ మిల్లీమీటర్‌కు అసలు విలువే లేదని కాదు. కొందరికి హెడ్ ఎక్కడుందో చేతికి బాగా తెలుస్తుంది, షాట్లు ఒకే చోట తగులుతాయి. ఇంకొందరికి ఏ తేడా ఉండదు. కొట్టి చూస్తే తప్ప తెలియదు. ఒక్కో సెట్టింగ్‌తో పది బంతులైనా కొట్టాలి. అదీ ఏ సెట్టింగో ఆటగాడికి చెప్పకుండా ఉంటే మేలు. చెబితే మనసే బంతిని తిప్పేస్తుంది.

బంతి పక్కకు పోవడానికి పెద్ద కారణం తరచూ లై యాంగిల్. అంటే షాఫ్ట్‌కు, నేలకు మధ్య కోణం. కొస పైకి లేస్తే కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు, కొస కిందకు దిగితే కుడికి పోతుంది. 33 డిగ్రీల లాఫ్ట్ ఉన్న 7 ఐరన్‌లో లై 3 డిగ్రీలు తప్పితే క్లబ్ ముఖం దాదాపు 2 డిగ్రీలు పక్కకు చూస్తుంది. 150 గజాల దూరంలో అది సుమారు 5 గజాలు. ఈ తప్పును ఏ స్క్రూ దిద్దలేదు. హెడ్‌ను మెషీన్‌లో బిగించి మెడ దగ్గర వంచాలి. ఫోర్జ్ చేసిన మెత్తటి కార్బన్ స్టీల్ హెడ్లు సులువుగా వంగుతాయి. పోతపోసిన గట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ హెడ్లు అంత సులువుగా వంగవు. కొనే ముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

లై చూసుకోవడానికి ఇంట్లో దొరికే మార్కర్ చాలు. బంతి మీద నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టాలి. ముఖం మీద గీత నిటారుగా పడితే లై సరిపోయినట్టు. వాలిందంటే ఫిట్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ ఎత్తుతో పాటు మణికట్టు నుంచి నేల వరకు దూరం కూడా కొలుస్తారు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి చేతులు పొడవు, ఇంకొకరివి పొట్టి కావచ్చు. పింగ్ కంపెనీ రంగు చుక్కల పద్ధతి ఈ కొలతల మీదే మొదలవుతుంది. అందులో నల్ల చుక్క అంటే స్టాండర్డ్ లై.

బరువు, పొడవు ఎంతగా ముడిపడి ఉన్నాయో తెలియాలంటే బ్రైసన్ డిషాంబో బ్యాగ్ చూడాలి. 2020, 2024 యూఎస్ ఓపెన్ గెలిచిన ఈ అమెరికన్ ఐరన్లన్నీ ఒకే పొడవు, 37.5 అంగుళాలు. మామూలు సెట్‌లో ఒక్కో నంబర్‌కు పొడవు అర అంగుళం తగ్గుతుంది, హెడ్ సుమారు 7 గ్రాములు పెరుగుతుంది. అతని సెట్‌లో పొడవు మారదు కాబట్టి హెడ్ల బరువు కూడా సమానంగా ఉంచాల్సి వచ్చింది.

పిల్లల విషయంలో జాగ్రత్త

హైదరాబాద్ గోల్కొండ నయాఖిల్లా కోర్సులో అయినా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో అయినా, ఇంకెక్కడైనా సరే.. నాన్న పాత ఐరన్లు కోసి పిల్లాడికి ఇవ్వడం కొత్త కాదు. 2 అంగుళాలు కోస్తే స్వింగ్ వెయిట్ 12 పాయింట్లు పడిపోతుంది. డీ2 కాస్తా సీ0. దాన్ని వెనక్కి తేవాలంటే 24 గ్రాములు కావాలి. స్క్రూలు అంత ఇవ్వలేవు, ఇచ్చినా మొత్తం బరువు పిల్లాడి చేతులకు ఎక్కువవుతుంది. పైగా కోసిన షాఫ్ట్ ఇంకా గట్టిపడుతుంది. చిన్నవాళ్లకు చిన్న హెడ్లు, తేలిక షాఫ్ట్‌లు ఉన్న సెట్టే సరైంది.

ఆట మధ్యలో తిప్పితే ఔట్!

పోటీల్లో ఆడేవాళ్లు ఒక నిబంధన మర్చిపోకూడదు. ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ రూల్స్ ప్రకారం బరువు మార్చుకునే క్లబ్ వాడటం తప్పు కాదు. కానీ రౌండ్ మొదలయ్యాక 4.1ఏ రూల్ వర్తిస్తుంది. వెయిట్ మార్చి ఆ క్లబ్‌తో ఒక్క షాట్ కొట్టినా డిస్‌క్వాలిఫై చేస్తారు. సీసం టేపు అతికించినా అంతే. పొరపాటున మార్చి, కొట్టకముందే పాత స్థితికి తెస్తే పెనాల్టీ ఉండదు. కాబట్టి మొదటి టీకి వెళ్లేముందే స్క్రూలన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన టార్క్ రెంచ్ ‘టక్’మన్నాక ఇంకా బలంగా తిప్పితే మర పోతుంది.