అమ్మకు మనిషిని పెట్టేముందు

అమ్మ బాత్‌రూమ్‌లో కాలు జారిందని కబురు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషిని పెట్టేస్తారు. నెల తిరక్కముందే అమ్మ ఆ మనిషిని పంపేస్తుంది. మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. పెద్దవాళ్ల మొండితనం అనుకున్నాం. కాదు.

పెద్దమ్మ వంట తనే చేసుకోగలదు. వచ్చిన అమ్మాయి మొదటిరోజే ఆవిణ్ణి పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. అసలు ఇబ్బంది భుజంతో. చెయ్యి పైకి లేవదు. వీపు రుద్దుకోలేదు, జడ వేసుకోలేదు, జాకెట్టు చేతులు తొడుక్కోలేదు. ఎప్పుడూ నైటీలోనే ఉంటుంటే హాయిగా ఉంటుందని వేసుకుంటోందనుకున్నాం తప్ప, చీర కట్టుకోలేకపోతోందని ఎవరికీ తట్టలేదు. పొద్దున గంటన్నర వచ్చి, తలంటి, చీర కట్టి వెళ్లే ఆడమనిషి చాలు ఆవిడకు. ఇప్పుడు అలాగే సాగుతోంది.

అవసరం కొలవడానికి వైద్యులు వాడే లెక్క ఇళ్లలోనూ పనికొస్తుంది. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఆరు పనులు ఎంచింది: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. వీటిలో సాయం కావాలంటే ఆయా కావాలి. 1969లో లాటన్, బ్రాడీ ఇంకో ఎనిమిది చేర్చారు: ఫోన్, బజారు, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. సాధారణంగా ముందు కష్టమయ్యేవి ఇవే. వీటికి వంటమనిషో, పనిమనిషో, వారానికోసారి వచ్చే దగ్గరి మనిషో సరిపోవచ్చు. ఆ జాబితాలో అప్పట్లో వంట, ఇంటిపని, బట్టలుతకడం ఆడవాళ్లకే లెక్కకట్టేవారు. మగవాళ్లకు మిగతా ఐదే.

ఆడపని, మగపని అనే ఈ తేడా మన ఇళ్లలో ఇంకో రకంగా కనిపిస్తుంది. బ్యాంకు పనులన్నీ నాన్న చూసుకునేవారు. ఆయన పోయాక అమ్మ డబ్బు తీసుకురాలేకపోతోందంటే, వయసు మీదపడి కాదు, ఆ పని ఏనాడూ ఆమె చేతికి రాలేదు. అలాంటప్పుడు కావలసింది ఆయా కాదు, రెండుసార్లు వెంట వెళ్లి నేర్పేవాళ్లు.

ఆడవాళ్లు నోరు విప్పని సంగతి ఒకటుంది. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోవడం. సిగ్గుపడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు, ఊరి ప్రయాణం మానేస్తారు. రాత్రి గబగబా లేచి పరుగెత్తి పడిపోతారు. ఎముకలు ముందే గుల్లబారి ఉంటే తుంటి విరగొచ్చు. ఇది వయసుతో భరించాల్సింది కాదు. డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాల వ్యాయామం నేర్చుకుంటే చాలామందికి తగ్గుతుంది. దానితోపాటు మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ, దారిలో రాత్రి దీపం.

ఆయా, నర్సు ఒకటి కాదు. ఇంజెక్షన్, మూత్రపు గొట్టం, పుండుకు కట్టు ఉంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సే రావాలి. అవి లేనప్పుడు నర్సు ధర పెట్టడం వృథా. 70 ఏళ్లు నిండినవారికి 2024లో కేంద్రం ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రి వైద్యానికే. ఇంటికొచ్చే ఆయా జీతం అందులో రాదు. ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దల కోసం 14567 అనే ఉచిత నంబరుంది.

ఎవరిని పెట్టినా ముందు వారం రోజులు చూడండి. ఏ పనిలో సాయం కావాలో, ఏది తన చేతిలోనే ఉండాలో అమ్మనే చెప్పనివ్వండి. "బాగున్నావా" అంటే "నాకేం, బాగానే ఉన్నా" అనే అంటుంది. ఈసారి వీడియో కాల్‌లో ఆ మాట వదిలేసి, "ఇవాళ జడ ఎవరు వేశారమ్మా? మందుల డబ్బా ఒకసారి చూపించు" అని అడగండి.