మతము లేని మనశ్శాంతి

మనశ్శాంతిని కోరనివా రుండరు. దానిని తమయందు తాము వెదకుకొనువారు మాత్రము మిక్కిలి యరుదు. మ్రొక్కులు చెల్లింతుము, జాతకములు చూపింతుము, స్వాములవారి పాదములకడ చింతలమూటను దించి వత్తుము. ఇల్లు చేరునప్పటికి ఆ మూట మనకంటె ముందుగ వచ్చి గడపలో కూర్చుండును. మతమును నిందించుట మా యుద్దేశము కాదు. దైవమునందలి విశ్వాసముతో నెమ్మదిగా జీవించి, నెమ్మదిగా కన్నుమూసినవారిని మే మెఱుగుదుము. కాని ఆ విశ్వాసము లేనివారి సంగతి యేమి? ఉండి చెదరిపోయినవారి సంగతి యేమి? వారి యంతరంగము ఎడారి కావలసినదేనా? ఒక తెలుగుబిడ్డ జీవితమున ఈ ప్రశ్నకు సమాధానము కలదు.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్య ఉద్యోగవిరమణానంతరము 1909లో అడయారు దివ్యజ్ఞాన సమాజమున పనికి చేరగా, అచ్చటి సముద్రతీరమున ఆ బాలుని జూచిన లెడ్‌బీటరు దొర, రానున్న జగద్గురువునకు ఇతడే వాహనమని నిశ్చయించెను. 1911లో అతని నధిపతిగా జేసి నక్షత్రసంఘము స్థాపించిరి. బిడ్డలను తన కిప్పింపుడని కన్నతండ్రి మద్రాసు హైకోర్టున అనిబిసెంటమ్మపై వ్యాజ్యమాడి గెలిచెను గాని, 1914లో ప్రీవీకౌన్సిలున ఓడిపోయెను. బాలుడు ఇంగ్లండులో పెరిగి తెలుగు మఱచెను. జగద్గురు పీఠమునకు మాతృభాషనే మూల్యముగా పుచ్చుకొనిరి కాబోలు!

ఆ వైభవమునడుమ అతనికి తనవాడని చెప్పుకొనదగినవాడు తమ్ముడు నిత్యానందు డొక్కడే. అతడు క్షయరోగపీడితుడు. అయినను సమాజము నమ్మిన అదృశ్య గురుదేవులు తమ్ముని బ్రతికింతురని అన్నకు సంపూర్ణ విశ్వాసము. తాను చేయవలసిన మహాకార్యమునకు నిత్యుడు అవసరమని వారెఱుగరా! 1925 నవంబరులో బిసెంటమ్మతో కూడి ఓడపై హిందూదేశమునకు వచ్చుచుండగా, సూయజు కాలువకడ తంతి యందినది. కాలిఫోర్నియాలోని ఓహాయిలో 13వ తేదీన నిత్యానందుడు మరణించెను. ఓడలో అదే గదిలో ప్రయాణము చేసిన శివరావుగారు ఆ దినములను గూర్చి వ్రాసి యుంచిరి. రాత్రులయందు కృష్ణమూర్తి వెక్కివెక్కి యేడ్చుచు తమ్ముని పిలిచెడివాడట. మేల్కొనియున్నప్పుడు నోట పలుకని తెలుగులో ఒక్కొక్కప్పుడు పిలిచెడివాడట. ఈ పంక్తిని చదివి కదలని తెలుగువా డుండునా?

ఓదార్పునకు కొదువ లేదు. జీవుడు నశింపడనియు, సూక్ష్మలోకమున సోదరులు కలిసికొనవచ్చుననియు చెప్పువారు ఆ ఓడమీదనే యుండిరి. గురుదేవుల యభయము వమ్మైన పిమ్మట అతని కవి యేల పనికివచ్చును? దుఃఖమును దాటవేయక దానితోనే యుండెను. కొలంబో చేరునప్పటికి ముఖమున నెమ్మది కనబడెనని చూచినవారు చెప్పిరి. అప్పటి యతని వ్రాతలలో భక్తుల పరిభాష యింకను పోలేదు. కాని ఇతరులిచ్చిన యభయముపై నిలిచిన శాంతి ఒక్క తంతితో కూలునని అనుభవమునకు వచ్చినది.

నాలుగేండ్లకు దాని ఫలము లోకమునకు తెలిసెను. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్‌లో, బిసెంటమ్మ సమక్షముననే, సుమారు మూడువేలమంది సభ్యుల యెదుట కృష్ణమూర్తి తన సంఘమును తానే రద్దుచేసెను. సత్యమునకు త్రోవలు లేవనియు, ఏ సంఘమును మనుజుని దానికడకు కొనిపోజాలదనియు దాని సారాంశము. సంఘమునకు దానముగా వచ్చిన కోటను, భూములను దాతకే తిరిగి యిచ్చివేసెను. పీఠములకొఱకు న్యాయస్థానముల కెక్కు శిష్యులను చూచుచున్న మనకు ఇది మాటలకంటె పెద్ద యుపన్యాసము.

మఱి ఆయన చూపిన సాధన మెట్టిది? కోపము వచ్చినదనుకొందము. దానికి న్యాయమైన కారణమును కల్పించుకొందుము. లేదా తప్పని మనలను మనమే మందలించుకొందుము. లేదా రామనామమును జపింతుము. మూడును కోపమునుండి తప్పించుకొను త్రోవలే. మెచ్చక, దూఱక, పేరు సయితము పెట్టక, పుట్టినది మొదలు అణగువఱకు దానిని చూచుచుండుడని ఆయన చెప్పెను. వినుటకు సులభము, ఒక పూట యత్నించినవారికి దీని కష్టము తెలియును. దీనికి దీక్షావస్త్రము వలదు, దక్షిణ వలదు. కచేరీలో దస్త్రములముందు కూర్చున్న గుమాస్తాయు, పొయ్యికడనున్న గృహిణియు చేయదగినది. అయితే జపము మనస్సును మొద్దుబార్చునని ఆయన యన్నమాట మాకు సమ్మతము కాదు. త్యాగరాజస్వామి నామస్మరణమును మొద్దుతన మనుట కెవరికి నోరాడును?

దేశాభిమానమునుగూడ ఆయన మతభేదములతో ఒకే గాటను కట్టెను. ఇదియు మాకు సమ్మతము కాదు. పరపాలనమున నలిగిన జాతి తల యెత్తుటయు, ఒక జాతి మఱియొక జాతిని త్రొక్కుటయు ఒకటి కానేరవు. అయినను 1948 ఫిబ్రవరిలో, మహాత్ముడు హతుడైన దినములలో, బొంబాయి సభలో ఆ హత్యకు కారణమేమని ప్రశ్నించిన వారితో, అసలు కారణము మీలోనే కలదని ఆయన చెప్పెను. కులము పేర, మతశాఖ పేర, సిద్ధాంతము పేర మనుజుని మనుజునుండి వేఱుచేయు బుద్ధి ప్రతివానిలో నున్నదనియు, హంతకుని చేతిలోనిది దాని కొస మాత్రమే యనియు మేము గ్రహించిన భావము. ఇది మాకు ములుకువలె నాటినది. ఊరేగింపులో జయజయధ్వానములు చేసి, ఇంటికి వచ్చి హరిజనుని వాకిట నిలిపినవారు మనలో లేకపోలేదు గదా!

ఆత్మపరిశీలనము మనుజుని గుహలోనికి త్రోయునను భయమును వలదు. దేవుడు లేడని బాహాటముగా చెప్పిన గోరాగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి అస్పృశ్యతతో పోరాడిరి. 1948 మార్చిలో సేవాగ్రామమున తమ కుమార్తెను హరిజన యువకునకిచ్చి వివాహము చేసిరి. కృష్ణమూర్తి తీరు వేఱు. ఆయన ఉద్యమము నడుపలేదు. సంఘమును రద్దుచేసిన యాయన పేర మరల సంస్థలు వెలసినవి. జన్మస్థలమునకు చేరువనున్న ఋషివ్యాలీలో పాఠశాల వర్ధిల్లినది. వలదన్నకొలది భక్తులును చేరిరి. తన మాటలకు వ్యాఖ్యాతనని చెప్పుకొను నధికార మెవ్వరికిని లేదని ఆయన స్పష్టముగా చెప్పిపోయెను. 1986 జనవరి 4వ తేదీన మద్రాసులో కడపటి ప్రసంగము చేసి ఓహాయికి తిరిగి వెళ్లెను. తమ్ముడు మరణించిన ఆ యూరిలోనే, అఱువదియేండ్ల తరువాత, ఫిబ్రవరి 17వ తేదీన కన్నుమూసెను.