సభ విడిచి వెళ్తే ఓటు ఆగుతుందా?



మొన్న రాత్రి చదువు కేంద్రంలో పేపరు చదువుతున్నాం. ఒక అక్క కూడబలుక్కుంటూ ఒక లైను చదివింది. "ప్రతిపక్ష సభ్యులు సభ నుంచి వాకౌట్ చేశారు." చదివి తలెత్తి అడిగింది.

"వాకౌట్ అంటే ఏంది టీచరమ్మా?"

"సభలో నుంచి లేచి బయటికి వెళ్లిపోవడం అక్కా."

"మనం ఓట్లేసి పంపింది కూసోని మాట్లాడమని గదా! బయటికొస్తే ఎట్ల? వాళ్లు బయటికొస్తే లోపల పని ఆగుతదా?"

మంచి ప్రశ్న. జవాబు తెలుసుకుందాం.

ముందు ఆర్టీసీ సంగతి

2019 అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. మీకు గుర్తుండే ఉంటుంది. పండుగకు పుట్టింటికి పోదామంటే బస్సులు సరిగా లేవు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిపోల వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు. ఆడ కండక్టర్లు కూడా ఉన్నారు. తమను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకోవాలని వాళ్లు అడిగారు.

ఒక్క కండక్టరు పోయి అడిగితే ఎవరు వింటారు? ఒక్క కట్టెను విరవడం సులువు. కట్టెల మోపును విరవడం కష్టం. అందుకే పనిచేసేవాళ్లు కలిసి సంఘం పెట్టుకుంటారు. దాన్నే యూనియన్ అంటారు.

సమ్మె 52 రోజులు నడిచింది. కోరిక తీరకుండానే నవంబరు 25న ముగిసింది. ఆ తర్వాత యూనియన్ల బదులు డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు వేశారు. నాలుగేళ్ల తర్వాత, 2023 ఆగస్టు 6న, ఆర్టీసీ వాళ్లను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే బిల్లును శాసనసభ ఆమోదించింది.

చూశారా! రోడ్డు మీద అడిగిన మాట చివరికి సభలోనే తేలింది. బిల్లు అంటే ఇంకా చట్టం కాని కాగితం. సభలో ఎక్కువమంది "అవును" అంటేనే అది ముందుకు పోతుంది.

కోరం అంటే ఏమిటి?

మీ పొదుపు సంఘంలో 12 మంది ఉన్నారనుకోండి. మీటింగుకు ఇద్దరే వచ్చారు. అప్పు ఎవరికివ్వాలో ఆ ఇద్దరే తేల్చేశారు. మిగతా పదిమంది ఊరుకుంటారా? ఊరుకోరు. "ఇంతమంది వస్తేనే మీటింగు" అని ముందే ఒక లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్కనే కోరం అంటారు.

మన చట్టసభలకూ కోరం ఉంది. రాజ్యాంగంలోనే రాశారు. పదిమందిలో ఒకరు ఉంటే చాలు. తెలంగాణ శాసనసభలో 119 మంది సభ్యులు. అక్కడ 12 మంది ఉంటే సభ నడుస్తుంది. లోక్‌సభలో 543 మంది. అక్కడ 55 మంది ఉండాలి. రాజ్యసభలో 245 మంది. అక్కడ 25 మంది చాలు.

ఇప్పుడు ఆలోచించండి. ప్రతిపక్షం వాళ్లందరూ బయటికి వచ్చినా, ప్రభుత్వం వైపు వాళ్లు ఆ మాత్రం మంది ఉంటారు కదా. అందుకే మన దేశంలో వాకౌట్ చేస్తే కోపం తెలుస్తుంది గాని, ఓటు ఆగదు.

2020లో అదే జరిగింది. సెప్టెంబరులో సాగు బిల్లుల మీద రాజ్యసభలో గొడవ అయింది. ఎనిమిది మంది సభ్యులను సస్పెండ్ చేశారు. దానికి నిరసనగా ప్రతిపక్షాలు సభకు రాలేదు. సెప్టెంబరు 23న కార్మికుల గురించిన మూడు బిల్లులు సభ ముందుకు వచ్చాయి. ప్రతిపక్షం కుర్చీలు ఖాళీ. బిల్లులు అదే రోజు పాసయ్యాయి.

అందులో ఒకటి యూనియన్ల గురించి, సమ్మెల గురించి. అంతకుముందు నీళ్లు, కరెంటు, రవాణా వంటి సేవల్లో పనిచేసేవాళ్లే సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త చట్టంలో ఆ నిబంధన ఫ్యాక్టరీల వాళ్లందరికీ వచ్చింది. కార్మికులకు మేలు జరుగుతుందని ప్రభుత్వం అంది. సమ్మె హక్కు తగ్గిపోతుందని యూనియన్లు అన్నాయి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం అమలులోకి వచ్చింది.

ఓటు ఆగిన చోటు

మరి వాకౌట్‌తో ఓటు ఎక్కడా ఆగదా? ఒక చోట ఆగింది. అది అమెరికాలోని విస్కాన్సిన్ అనే రాష్ట్రం.

2011లో అక్కడి గవర్నరు స్కాట్ వాకర్ ఒక బిల్లు తెచ్చారు. అక్కడ రాష్ట్రాన్ని నడిపేది గవర్నరే. ప్రభుత్వ టీచర్లు, నర్సులు, గుమాస్తాల యూనియన్లు ఇకమీద మూల జీతం గురించి తప్ప వేరే దేని గురించీ ప్రభుత్వంతో బేరమాడకూడదని ఆ బిల్లు. పనిగంటలు, సెలవులు, ఇంకేవీ అడగడానికి లేదు.

అక్కడ సెనేట్ అనే సభలో 33 మంది. డబ్బుకు సంబంధించిన బిల్లు అయితే 20 మంది ఉండాలి. గవర్నరు పార్టీ వాళ్లు 19 మందే. ఒక్కరు తక్కువ! ప్రతిపక్షం వాళ్లు 14 మంది.

ఆ 14 మంది ఫిబ్రవరి 17న రాష్ట్రం దాటి పక్క రాష్ట్రం ఇల్లినాయికి వెళ్లిపోయారు. తమ రాష్ట్రంలోనే ఉంటే పోలీసులు సభకు పట్టుకొస్తారు. పక్క రాష్ట్రంలో ఆ పోలీసుల అధికారం చెల్లదు. కోరం లేక ఓటు ఆగిపోయింది. మూడు వారాలు వాళ్లు తిరిగి రాలేదు. ఈలోగా వేలమంది టీచర్లు, కార్మికులు సభా భవనం దగ్గర నిలబడ్డారు. లోపలే పడుకున్నారు.

మరి గెలిచారా? లేదు. మార్చి 9న గవర్నరు పార్టీ వాళ్లు బిల్లులో నుంచి డబ్బు భాగం తీసేశారు. అప్పుడు 20 మంది అక్కర లేకుండా పోయింది. ఉన్నవాళ్లతోనే పాస్ చేశారు. మార్చి 11న గవర్నరు సంతకం పెట్టారు. తర్వాత ఆ గవర్నరును దించాలని తొమ్మిది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. 2012లో మళ్లీ ఎన్నిక జరిగింది. అందులో కూడా ఆయనే గెలిచారు.

అంటే వాకౌట్‌తో కొంత సమయం దొరుకుతుంది. ఆ సమయంలో నలుగురికీ విషయం తెలుస్తుంది. కాని లెక్క తెలిసినవాళ్లు ఆ లెక్కను మార్చగలరు కూడా.

మన ఊరి లెక్క

ఈ లెక్క మన ఊళ్లోనూ ఉంది. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. దానికీ కోరం ఉంది. మరి జనం రాకుండానే కోరం ఎట్లా నిండుతుంది?

నా చిన్నప్పటి మాట చెప్తాను. ఒకాయన రిజిస్టరు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు. మా అమ్మకు చదువు రాదు. వేసింది. మా వాడలో బోరు వేయాలని అందరం అడుగుతున్నాం. తీరా చూస్తే బోరు వేరే చోట పడింది. అమ్మ అడగబోయింది. "నువ్వు సభకు వచ్చి ఒప్పుకున్నావు గదా, ఇగో నీ వేలిముద్ర" అన్నారు. రెండు ఎండాకాలాలు అమ్మ దూరం నుంచి నీళ్లు మోసింది.

అమెరికాలో 14 మంది ఖాళీ కుర్చీలతో ఓటు ఆపారు. మా అమ్మ వేలిముద్రతో ఖాళీ కుర్చీ నిండిపోయింది. సభకు పోకుండా పెట్టిన సంతకం మన నోరు మనమే మూసుకున్నట్టు.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. రిజిస్టరు ముందుకొస్తే ఇట్లా చేయండి.

తేదీ చూడండి. మీరు ఆ రోజు సభలో ఉన్నారా?

తీర్మానం చదవండి. సభలో అనుకున్నదే రాశారా?

కాగితం ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి.

ఒప్పుకోకపోతే "నాకు ఇష్టం లేదు" అని రాయమనండి.

ఆలోచించండి

1. మీ ఊళ్లో గ్రామసభకు ఎంతమంది రావాలి? పంచాయతీ కార్యదర్శిని అడగండి.

2. పోయినసారి ఎంతమంది వచ్చారు? అందులో ఆడవాళ్లు ఎందరు?

3. సభలో మీ మాట వినకపోతే మీరు లేచి వస్తారా, కూర్చొని అడుగుతారా? ఎందుకు?